గుర్రం ముక్కులో చీము: ఏ క్రిమి అని తేల్చడం వెనక కథ

ఒకప్పుడు చిత్తూరు, తిరుపతి వీధుల్లో జట్కాలు తిరిగేవి. ఇప్పుడు గుర్రాలు తగ్గాయి గానీ లేకుండా పోలేదు. బ్రహ్మోత్సవాల్లో వాహన సేవ ముందు నడుస్తాయి, పెళ్ళి ఊరేగింపులకు వస్తాయి. అలాంటి గుర్రానికి జ్వరం వచ్చి, ముక్కు నుంచి చిక్కటి చీము కారి, దవడ కింద గడ్డ కడితే యజమానికి టెన్షన్ మొదలవుతుంది.

అది స్ట్రాంగిల్స్ అనే జబ్బు కావచ్చు. గడ్డ పగిలి చీము పోయాక చాలా గుర్రాలు కోలుకుంటాయి. గ్లాండర్స్ అనే ఇంకో జబ్బు కూడా కావచ్చు. అది మనిషికీ అంటుకుంటుంది, ప్రాణం తీస్తుంది. అదే అని తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. మొదట్లో కంటితో చూసి ఏదని గట్టిగా చెప్పడం కష్టం. అందుకే ఏ క్రిమి అన్న ప్రశ్న మీదే గుర్రం ప్రాణం ఆధారపడి ఉంటుంది.

1882లో బెర్లిన్‌లో ఫ్రీడ్రిష్ లోఫ్లర్, విల్‌హెల్మ్ షుట్జ్ గ్లాండర్స్ క్రిమిని వేరు చేశారు. క్షయ క్రిమిని రాబర్ట్ కాఖ్ అనే శాస్త్రవేత్త ప్రకటించింది కూడా ఆ ఏడాదే, ఆ ఊళ్ళోనే. స్ట్రాంగిల్స్‌కు కారణమైన స్ట్రెప్టోకాకస్ అనే క్రిమిని 1888లో షుట్జే వర్ణించాడు. అప్పట్లో సైన్యాలు, రవాణా గుర్రాల మీదే నడిచేవి కాబట్టి ప్రభుత్వాలు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. మన దేశంలో 1899లోనే గ్లాండర్స్ కోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చారు.

1890ల్లో మాలీన్ పరీక్ష వచ్చింది. క్రిమి నుంచి తీసిన పదార్థాన్ని గుర్రానికి ఇచ్చి, వాపు వస్తే గ్లాండర్స్ అనేవారు. చాలా గుర్రాల్లో ఇది బాగానే పట్టించింది. కానీ స్ట్రాంగిల్స్ వచ్చిన గుర్రానికీ ఒక్కోసారి అలాగే వాపు వచ్చేది. బతకాల్సిన గుర్రాన్ని పొరపాటున చంపే ప్రమాదం అక్కడే ఉంది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

మన దక్షిణాదికి ఇంకో చిక్కు ఉంది. 1912లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు డాక్టర్లు రంగూన్ రోగుల్లో గ్లాండర్స్‌ను పోలిన కొత్త జబ్బు గురించి రాశారు. అదే మెలియాయిడోసిస్. దాని క్రిమి తడినేలల్లో బతుకుతుంది, మన వైపూ ఉంది. గ్లాండర్స్ క్రిమి ఈ నేల క్రిమి వంశం నుంచే విడిపోయి, ఎన్నో జన్యువులు పోగొట్టుకుని, గుర్రాల జాతి ఒంట్లో తప్ప బయట నిలవలేనిదిగా మారిందని జన్యు పరిశోధనల్లో తేలింది. రెండూ అంత దగ్గరివి కాబట్టే రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్షలు తికమకపడతాయి. క్రిమి జన్యు పదార్థాన్నే వెతికి పట్టే పీసీఆర్ పరీక్ష వచ్చాకే వీటిని తేలిగ్గా విడదీయగలుగుతున్నారు.

స్ట్రాంగిల్స్ క్రిమికీ దగ్గరి చుట్టం ఒకటుంది, జూఎపిడెమికస్. ఆరోగ్యంగా ఉన్న గుర్రం గొంతులోనూ అది ఉంటుంది. ల్యాబ్‌లో దీన్ని చక్కెరలతో పట్టుకుంటారు: జూఎపిడెమికస్ లాక్టోజ్‌ను, సార్బిటాల్‌ను పులియబెడుతుంది, అసలు స్ట్రాంగిల్స్ క్రిమి పులియబెట్టదు.

తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది. గ్లాండర్స్ తుది నిర్ధారణకు మాత్రం రక్తం శాంపిల్ హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్ళాలి. చీము శాంపిల్ యాంటీబయాటిక్ సూది పడకముందే తీయాలి, పడ్డాక తీస్తే క్రిమి పెరగకపోవచ్చు. రిపోర్టు వచ్చేదాకా ఆ గుర్రాన్ని విడిగా కట్టాలి, దాని నీళ్ళ బకెట్టు ఇంకో గుర్రం ముందు పెట్టకూడదు, ముక్కు తుడిచేవాళ్ళు చేతికి గ్లవుజులు వేసుకోవాలి.