చాంపియన్ డర్హమ్ రెండో డివిజన్‌కు ఎలా వచ్చింది? ఇంగ్లండ్ కౌంటీ రగ్బీ వెనక కథ

ఇంగ్లండ్‌లో మిడిల్‌సెక్స్ అనే కౌంటీ 1965 ఏప్రిల్ 1న పాలనాపరంగా రద్దయింది. అందులో ఎక్కువ భాగం కొత్తగా ఏర్పడిన గ్రేటర్ లండన్‌లో కలిసిపోయింది. కౌంటీ కౌన్సిల్ పోయింది కానీ మిడిల్‌సెక్స్ రగ్బీ జట్టు పోలేదు, ఇప్పటికీ ఉంది. రగ్బీ కౌంటీకి, మ్యాపులో కనిపించే కౌంటీకి మొదటి నుంచీ పూర్తిగా పొంతన లేదు. డార్సెట్, విల్ట్‌షైర్ కలిసి ఒకే జట్టుగా ఆడతాయి. నాటింగ్‌హామ్‌షైర్, లింకన్‌షైర్, డెర్బీషైర్ మూడూ కలిసి ఇంకో జట్టు. ఒక ప్రాంతంలోని క్లబ్బులన్నీ చేరి పెట్టుకున్న సంఘమే రగ్బీలో కౌంటీ. ఆ క్లబ్బుల్లోంచి ఎంపికైనవాళ్లు ఏడాదికోసారి కౌంటీ జెర్సీ వేసుకుంటారు.

ఈ జట్ల మధ్య జరిగే చాంపియన్‌షిప్‌లో రెండో డివిజన్ పోటీ 2000ల ఆరంభంలో మొదలైంది. కొంతకాలం దాన్ని ప్లేట్ అన్నారు. రంజీ ట్రోఫీ చూసేవాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు. 2018 నుంచి అది బిల్ బ్యూమాంట్ పేరుతో డివిజన్ 2 అయింది. క్లబ్బుల లీగ్ సీజన్ అయిపోయాక, మే నెలలో, ప్రాంతాలవారీ గ్రూపుల్లో ఒక్కో జట్టు రెండు మూడు మ్యాచ్‌లు ఆడుతుంది. వాటితోనే సీజన్ దాదాపు ముగుస్తుంది. పెద్ద పత్రికల్లో దీనికి దొరికే చోటు చాలా తక్కువ. ఒకప్పుడు ఇంగ్లండ్ రగ్బీకి గుండెకాయలాంటి పోటీ ఇంత చిన్న మూలకు ఎలా చేరిందో తెలియాలంటే 150 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

లాంకషైర్, యార్క్‌షైర్ మొదటిసారి తలపడింది 1870లో. ఇంగ్లండ్ రగ్బీ సంఘం, అంటే ఆర్‌ఎఫ్‌యూ, పుట్టింది ఆ మరుసటి ఏడాది. కౌంటీ పోటీ సంఘం కంటే పాతదన్నమాట. (అప్పట్లో ఈ ఆట మన దేశానికీ వచ్చింది. కలకత్తాలోని రగ్బీ క్లబ్ 1878లో మూతపడినప్పుడు, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి ఒక కప్పు చేయించారు. ఇంగ్లండ్, స్కాట్లాండ్ నేటికీ దానికోసమే ఆడతాయి.) అధికారిక కౌంటీ చాంపియన్‌షిప్ 1889లో మొదలైంది. తొలి ఎనిమిదేళ్లలో యార్క్‌షైర్ ఏడుసార్లు గెలిచింది, మిగిలిన ఒక్కటి లాంకషైర్‌ది. గనుల్లో, నూలు మిల్లుల్లో పనిచేసే ఉత్తరాది కార్మికులే ఆ జట్లకు బలం.

గొడవ మొదలైంది అక్కడే. శనివారం మ్యాచ్ ఆడాలంటే కార్మికుడు పని మానాలి, పని మానితే కూలి పోతుంది. ఆ కూలి మేరకైనా ఇవ్వండని 1893లో యార్క్‌షైర్ ప్రతినిధులు ఆర్‌ఎఫ్‌యూ సమావేశంలో ప్రతిపాదించారు. 282 ఓట్లు వ్యతిరేకంగా, 136 అనుకూలంగా పడి ప్రతిపాదన వీగిపోయింది. వాళ్లు అడిగింది జీతం కాదు. ఆట వల్ల ఇంట్లో తగ్గిన డబ్బు మాత్రమే. దాన్ని కూడా కాదన్నవాళ్లలో చాలామంది పని మానినా పూట గడిచే తరగతివాళ్లు. ఆ ఓటు న్యాయమైందని నేను ఏనాడూ అనుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. ఈనాటి రగ్బీ లీగ్ అనే వేరే ఆట అక్కడ పుట్టిందే.

ఆ చీలిక దెబ్బ ఎంత గట్టిదో చాంపియన్ల పట్టిక చూస్తే చాలు. 1896 తర్వాత యార్క్‌షైర్ మళ్లీ గెలవడానికి 30 ఏళ్లు పట్టింది. 1891లో గెలిచిన లాంకషైర్ 1935 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంగ్లండ్ జట్టు కూడా 1892 తర్వాత మళ్లీ 1910లో కానీ అంతర్జాతీయ చాంపియన్‌షిప్ గెలవలేకపోయింది.

ఖాళీ అయిన ఆ చోటుకు వచ్చిన జట్టే డర్హమ్. బొగ్గు గనులు, హార్టిల్‌పూల్ లాంటి రేవు పట్టణాలు ఉన్న ఆ కౌంటీలో క్లబ్బులు ఎక్కువగా పాత సంఘంతోనే ఉండిపోయాయి. 1900 నుంచి 1909 లోపు డర్హమ్ ఆరుసార్లు చాంపియన్ అయింది, అందులో ఒకటి డెవాన్‌తో కలిసి పంచుకున్నది. 1905లో న్యూజిలాండ్ జట్టు మొదటిసారి ఆల్ బ్లాక్స్ పేరుతో బ్రిటన్ పర్యటనకు వచ్చి, తొలి మ్యాచ్‌లోనే డెవాన్‌ను 55-4తో చిత్తు చేసింది. అదే జట్టు డర్హమ్ మీద గెలిచింది 16-3తోనే. ఆ రోజుల్లో కౌంటీ జట్టంటే విదేశీ జట్టుకు ఎదురునిలిచే జట్టు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున రగ్బీ ఆడింది కూడా ఆ ఏటి కౌంటీ చాంపియన్ కార్న్‌వాలే. ఆస్ట్రేలియా చేతిలో 32-3తో ఓడి రజతం తెచ్చుకుంది.

ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఆర్‌ఎఫ్‌యూ క్లబ్బులకు లీగ్ పెట్టనివ్వలేదు. పాయింట్ల పట్టిక వస్తే డబ్బు వెనకే వస్తుందని 1895 నుంచి భయం. క్లబ్బులు ఆడేవన్నీ స్నేహపూర్వక మ్యాచ్‌లే. నిజమైన పోటీ కావాలన్నా, ఇంగ్లండ్ సెలక్టర్ల కంట పడాలన్నా కౌంటీ మ్యాచే దారి. 1958 నుంచి 1965 దాకా ఎనిమిదేళ్లలో ఏడుసార్లు వార్విక్‌షైర్ గెలిచింది. ఆ జట్టులో ఎక్కువమంది కొవెంట్రీ క్లబ్ వాళ్లే.

1972లో మొదటి క్లబ్ నాకౌట్ కప్ ముగిసేసరికి గాలి మారడం మొదలైంది. 1987లో దాదాపు వెయ్యి క్లబ్బులతో లీగ్ వ్యవస్థ వచ్చింది. ఆటగాడికి ప్రతి శనివారం క్లబ్ పాయింట్ల టెన్షన్ మొదలైంది. తమ ఆటగాడు కౌంటీకి ఆడి గాయపడితే తమ గతేంటని క్లబ్బులు ఆలోచించాయి. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం.

అయినా జనం మాత్రం వెంటనే వదులుకోలేదు. 1989 ఫైనల్లో కార్న్‌వాల్‌ను డర్హమ్ 13-9తో ఓడించింది. రెండేళ్ల తర్వాత కార్న్‌వాల్ మళ్లీ ఫైనల్‌కు వచ్చింది, ఈసారి యార్క్‌షైర్ మీద. ట్రెలానీ సేన అని పేరు పెట్టుకున్న అభిమానులు నలుపు, బంగారు రంగులతో లండన్‌లోని ట్వికెన్‌హామ్‌ను నింపేశారు. స్టేడియంలో దాదాపు 50 వేల మంది. వెనకబడిన కార్న్‌వాల్ స్కోరు సమం చేసి, అదనపు సమయంలో 29-20తో గెలిచింది. 1908 తర్వాత అదే వాళ్ల మొదటి టైటిల్. జాతీయ జట్టు కాదు, డబ్బున్న క్లబ్ కాదు, ఒక కౌంటీ కోసం అంతమంది దేశం ఆ చివర నుంచి తరలివచ్చారు. కౌంటీ రగ్బీ పని అయిపోయిందని ఎవరైనా అంటే నాకు గుర్తొచ్చేది ఆ రోజే.

1995 ఆగస్టు ఆఖరులో, హడర్స్‌ఫీల్డ్ సమావేశానికి సరిగ్గా నూరేళ్లు నిండుతున్న రోజుల్లో, ఆటగాళ్లకు డబ్బివ్వడంపై నిషేధాన్ని అంతర్జాతీయ బోర్డు ఎత్తేసింది. మంచి నిర్ణయమే, నూరేళ్లు ఆలస్యంగా వచ్చింది. కానీ కౌంటీలకు అది పెద్ద దెబ్బ. జీతమిచ్చే క్లబ్ తన ఆటగాణ్ని కౌంటీకి ఎందుకు పంపుతుంది? క్రమంగా కౌంటీ జట్లు మూడో అంచె, ఆ కింది లీగ్‌ల ఆటగాళ్లకే పరిమితమయ్యాయి. టీచర్లు, ప్లంబర్లు, రైతులు, కాలేజీ కుర్రాళ్లు ఆడే స్థాయి అది.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. పై లీగ్‌ల్లో ఆడే క్లబ్బులు ఎక్కువున్న కౌంటీకీ, అంతగా లేని కౌంటీకీ మధ్య అంతరం పెరిగిపోయింది. సమాన బలమున్నవాళ్లతో సమానులు ఆడేలా పోటీని అంచెలుగా విడగొట్టారు, కిందికి, పైకి వెళ్లే పద్ధతి పెట్టారు. అలా ఒకప్పటి చాంపియన్లు డర్హమ్, నార్తంబర్లాండ్ కూడా రెండో డివిజన్‌లో ఆడాయి. కొందరు దీన్ని అవమానంగా చూశారు. నాకైతే అదే ఈ పోటీని బతికించిందనిపిస్తుంది. అరవై డెబ్బై పాయింట్ల తేడాతో ఓడే మ్యాచ్‌కు ఎవరూ సెలవు పెట్టుకుని రారు.

ఈ పోటీకి పెట్టిన పేరు కూడా ఈ చరిత్రలో భాగమే. బిల్ బ్యూమాంట్ లాంకషైర్ మనిషి, 1980లో ఇంగ్లండ్‌కు గ్రాండ్‌స్లామ్ (అంతర్జాతీయ చాంపియన్‌షిప్‌లో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) తెచ్చిన కెప్టెన్. 1982లో ఆట మానేసి రాసిన ఆత్మకథకు డబ్బు తీసుకున్నందుకు ఆయన్ను ప్రొఫెషనల్‌గా ముద్రవేసి, కొన్నేళ్లు రగ్బీ వ్యవహారాలకు దూరం పెట్టారు. 1893లో కూలి డబ్బు కాదన్న నియమానికి అది వారసత్వం. అదే మనిషి తర్వాత ప్రపంచ రగ్బీ సంస్థకు అధ్యక్షుడయ్యారు.

ఇక మే నెలలో జరిగేది ఇది. గెలిస్తే 4 పాయింట్లు, డ్రా అయితే 2. నాలుగు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకిస్తే ఒక ట్రై, స్కోరులో 5 పాయింట్లు) చేస్తే ఒకటి అదనం, 7 లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడినా ఒకటి అదనం. ఉన్నవే రెండు మూడు మ్యాచ్‌లు కాబట్టి ఆ ఒక్క పాయింటే ఫైనల్‌కు చేర్చవచ్చు, లేదా మూడో డివిజన్‌కు నెట్టవచ్చు. అందుకే 12 పాయింట్లు వెనకబడి, ఇక గెలవలేమని తెలిసిన జట్టు కూడా చివరి నిమిషంలో పెనాల్టీని గోల్‌కు (దానికి 3 పాయింట్లే) కొట్టకుండా సైడ్‌లైన్ బయటికి తన్ని, ట్రై కోసం మళ్లీ బారులు తీరుతుంది.