శిశుగృహలో ఆ గంట లెక్క ఎక్కడిది?

బిడ్డను చూసుకోవడానికి రోజూ వస్తామని దత్తతకు వచ్చిన విదేశీ దంపతులు అడుగుతారు. వారానికి ఒక్కసారే, అదీ గంటసేపే అని ఆఫీసు వాళ్లంటారు. విజయవాడలో ఈ పేచీ మళ్లీ మొదలైంది. "రూల్ ఒప్పుకోదండీ" అనే పాత మాట కూడా మళ్లీ వినిపిస్తోంది.

విదేశీ దత్తతలపై 1984 నాటి సుప్రీంకోర్టు తీర్పు, ఆ తర్వాత దత్తతల్ని చూసే కేంద్ర సంస్థ కారా పుట్టుక అందరూ రాసినవే. మన దగ్గర అసలు మలుపు 2001. లంబాడా తండాల్లో ఆడపిల్లల్ని దళారులు కొని హైదరాబాద్ దత్తత సంస్థలకు చేరవేస్తున్నారని 1999లో ఒకసారి గొడవైంది. రెండేళ్లకే మళ్లీ బయటపడింది. ఆ ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది: పేదరికమనో, ఆడపిల్లనో, సంతానం ఎక్కువైందనో బిడ్డను అప్పగించడానికి వీల్లేదు. సంస్థల్లోని పిల్లల్ని హైదరాబాద్‌లోని ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. అప్పటికే ఫొటోలు చూసుకుని పేర్లు కూడా పెట్టుకున్న కొన్ని అమెరికా కుటుంబాలు ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగాయి. శిశుగృహ గేటు దగ్గర తెల్లవాళ్లు కనబడితే ఆఫీసులో టెన్షన్ మొదలైంది అప్పటి నుంచే.

ఆ భయానికి అప్పట్లో అర్థం ఉంది. సంస్థకు నేరుగా వచ్చి, తిరిగి చూసి, "ఈ పాప" అని చూపించే రోజులవి. 2015 ఆగస్టు నుంచి వరుస అంతా ఆన్‌లైన్‌లోనే. ముందు మనవాళ్లకు, ఎన్నారైలకు అవకాశం. మామూలుగా 60 రోజుల్లో ఎవరూ ముందుకు రాకపోతేనే ఫైలు విదేశీయులకు వెళుతుంది. వాళ్ల అంగీకారానికి కారా ఆమోదం వచ్చాక, కావాలంటే సంస్థకు వెళ్లి బిడ్డను చూడొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఎన్నిసార్లు, ఎంతసేపు అన్న మాట అందులో లేదు. కారా నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం వచ్చాకైతే, హామీపత్రం రాసిచ్చి బిడ్డను ఈ దేశంలో తమ దగ్గరే తాత్కాలికంగా ఉంచుకోవచ్చు కూడా. బిడ్డను చేతికే ఇవ్వొచ్చన్నచోట, చూపించడానికి గడియారం పెట్టడమేమిటో!

కొన్నేళ్ల కిందట గుంటూరులో ఒక శిశుగృహ వరండాలో చూసిన సంగతి చెప్పాలి. రెండున్నరేళ్ల పిల్ల ఆయా కొంగు వదలదు. పెరుగన్నం ఆయా పెడితేనే తింటుంది. విదేశీ ఆవిడ సిమెంటు నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుని, ఎక్కడ నేర్చుకుందో, "దా... బువ్వ" అంటోంది. మొదటి రోజు ఏడుపు. రెండో రోజు ఆయా చాటు నుంచి తొంగిచూపులు. మూడో రోజు ఆయా ముద్ద కలిపి ఆవిడ చేతిలో పెట్టింది, పిల్ల నోరు తెరిచింది. "ఇట్టా పది రోజులొస్తే నన్ను మర్చిపోద్ది, మర్చిపోవాలి గదండీ మరి" అంది ఆయా, కళ్లు తుడుచుకుంటూ. వారానికి గంట చొప్పున అయితే ఆ మూడు రోజులు మూడు వారాలు.

అధికారుల మాటా ఉంది. అలవాటయ్యాక దత్తత ఆగిపోతే పిల్ల రెండోసారి దెబ్బతింటుందంటారు. 2025లో విజయవాడలోనే పసిపిల్లల్ని అమ్మే ముఠా పట్టుబడిందనీ గుర్తుచేస్తారు. నిజమే, కానీ అది కారా దారి తొక్కని వ్యాపారం.

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఆర్డరు ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టరు. అదే ఏడాది ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది కాబట్టి, కొత్త కలెక్టరేట్‌కు కొత్త పని. రెండు నెలల్లో తేల్చాలన్నది చట్టం. ఆలోగా వచ్చిపోయేవాళ్లు ప్రతిసారీ రిజిస్టరులో సంతకం పెట్టాలి. గుంటూరులో ఆ రోజు చూశాను, "బిడ్డతో సంబంధం" అన్న గడిలో గుమస్తా రాసింది: ఫారిన్ పార్టీ.