బావురుపిల్లి బతుకంతా నీటి అంచునే

పిల్లులకు నీళ్లంటే గిట్టదన్న మాట అడవి పిల్లులన్నింటికీ వర్తించదు. పులి ఎండాకాలంలో గంటల తరబడి మడుగులో పడుకుంటుంది. అయితే చేపల కోసమే నీటి ఒడ్డున కాపు కాసి, అవసరమైతే తల ముంచి ఈదే పిల్లులు ప్రపంచంలో బహు తక్కువ. అలాంటి వాటిలో ఒకటైన బావురుపిల్లి గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసే చోట పెరిగిన మడ అడవుల్లోను, సుందర్బన్స్‌లోను, చిలికా సరస్సు చుట్టుపక్కల రెల్లు పొదల్లోను, హిమాలయాల దిగువనున్న తెరాయి చిత్తడి నేలల్లోను, శ్రీలంక, బంగ్లాదేశ్, ఆగ్నేయాసియా దేశాల్లో అక్కడక్కడా కనిపిస్తుంది. దీన్నే నీటిపిల్లి అని కూడా అంటారు.

ఇంటిపిల్లి కన్నా బాగా పెద్దదైన ఈ జంతువు 5 నుంచి 16 కిలోల వరకు తూగుతుంది. మగవి ఆడవాటికన్నా బరువు. దీని గురించి చెప్పేవారంతా మొదట కాలివేళ్ల మధ్యనున్న పొరనే ప్రస్తావిస్తారు గాని, ఆ పొర సగం వరకే ఉంటుంది, నీటితో పెద్దగా సంబంధం లేని కొన్ని పిల్లుల్లోనూ దాదాపు అంతే ఉంటుంది. అసలు విశేషం దాని బొచ్చులో ఉంది. చర్మాన్ని అంటిపెట్టుకొని పొట్టిగా, ఒత్తుగా పెరిగే లోపలి పొర నీటిని ఒంటికి తగలనీయదు. దానిమీద పొడవుగా పెరిగే వెంట్రుకలే బూడిద రంగును, వరుసలు తీరిన నల్లమచ్చలను ఇస్తాయి. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, కొనలు కొంత బయటికే ఉంటాయి. చేప, పీత, కప్ప, పాము, నీటిపక్షి, ఎలుక, ఏది దొరికితే అది తింటుంది. పొలాల్లో ఎలుకలను తినే సంగతిని రైతులకు ఇంకా గట్టిగా చెప్పాల్సి ఉంది. ఆడపిల్లి సుమారు 63 నుంచి 70 రోజులు మోసి, సాధారణంగా రెండు పిల్లలను కంటుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనికి చోటుంది, అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. పశ్చిమ బెంగాల్ దీన్ని రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో దీన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించి, 2016లో ఒక మెట్టు తగ్గించి ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది. ఈ మార్పును చూసి నిశ్చింత పడడం తొందరపాటే అవుతుంది, ఎందుకంటే జంతువును చంపకూడదని చెప్పే చట్టం అది బతికే నేలను కాపాడలేకపోతోంది. బావురుపిల్లులు ఉండే చిత్తడి నేలల్లో చాలా భాగం అభయారణ్యాల వెలుపల ఉంది. పంట పండని ఆ నేలను బీడుగా లెక్కగట్టి పూడ్చడం, మడ చెట్లు నరికి రొయ్యల, చేపల చెరువులు తవ్వడం తీరప్రాంతాల్లో దశాబ్దాలుగా సాగుతున్నాయి. ఆపైన అదే చెరువులో చేప పట్టిన పిల్లి దొంగగా లెక్కకు వస్తుంది. గట్ల మీద ఉచ్చులు, విషం పెట్టిన ఎరలు, రాత్రిపూట రోడ్డు దాటుతుండగా వాహనాలు దీన్ని బలి తీసుకుంటున్నాయి.

అందుకే కోరింగ అభయారణ్యం వంటి చోట్ల జరిగే కృషితోపాటు, అభయారణ్యాల సరిహద్దులు దాటి జరిగే పనికీ అంతే విలువ ఉంది. ప్రతి పిల్లి ఒంటిమీది మచ్చల తీరు వేరు కాబట్టి, స్వయంచాలక కెమెరాలు తీసిన ఫొటోల ఆధారంగా ఒక్కొక్కదాన్ని గుర్తించి లెక్కించడం సాధ్యమవుతుంది. ఈ పద్ధతిలోనే చిలికా పరిసరాల్లో సుమారు 176 బావురుపిల్లులు ఉన్నాయని 2022లో అంచనా వేశారు. ఆ గణన రక్షిత ప్రాంతాల వెలుపల, మత్స్యకారులు రోజూ తిరిగే నీళ్ల పక్కన జరిగింది.