దారిన పోయే నక్షత్రం చేసే పని

2003 నవంబరులో కంటబడిన సెడ్నా అనే మంచు గోళం సూర్యుడికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా 76 ఖగోళ ప్రమాణాల దూరంలోనే ఉంటుంది. ఒక ఖగోళ ప్రమాణమంటే సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్న సగటు దూరం. ఆ లెక్కన నెప్ట్యూన్ 30 దగ్గర ఉంది. నెప్ట్యూన్ విసిరేసిన వస్తువు ఎంత దూరం పోయినా తిరిగి దాని దరిదాపులకే రావాలి. సెడ్నా రాదు, కాబట్టి దాని కక్ష్యను మార్చింది వేరే ఏదో అయి ఉండాలి.

సౌరకుటుంబం పక్కగా వెళ్లే నక్షత్రం అలాంటి పని చేయగలదు. అది సూర్యుణ్ణీ, దూరాన ఉన్న మంచు గోళాన్నీ రెండింటినీ లాగుతుంది. రెండింటినీ సమానంగా లాగితే కక్ష్యలో మార్పేమీ రాదు, మార్పంతా ఆ రెండు ఆకర్షణల మధ్య ఉన్న తేడా వల్లనే వస్తుంది. కక్ష్య చివర సెడ్నా వేగం సెకనుకు అర కిలోమీటరైనా ఉండదు (భూమి వేగం 30 కిలోమీటర్లు). అంత మందంగా కదిలే చోట పక్కకు కొద్దిపాటి తోపు తగిలినా, ఆ వస్తువు సూర్యుడికి దగ్గరగా వచ్చే బిందువు చాలా దూరం జరిగిపోతుంది.

అయితే ఆ నక్షత్రం ఏది? సుమారు 70,000 ఏళ్ల కిందట 0.8 కాంతి సంవత్సరాల దూరంలో వెళ్లిన షోల్జ్ నక్షత్రం కాదు; అది చిన్నది, పైగా ఎంతో దూరంగా వెళ్లింది. సూర్యుడు 460 కోట్ల ఏళ్ల కిందట నక్షత్ర గుచ్ఛంలో పుట్టాడని భావిస్తున్నారు. అక్కడ పొరుగు నక్షత్రాలు దగ్గరగానూ, ఒకదానితో పోలిస్తే ఒకటి నెమ్మదిగానూ కదులుతాయి కనుక వాటి ప్రభావం ఎక్కువసేపు పనిచేస్తుంది. సూర్యుడి ద్రవ్యరాశిలో 0.8 వంతు ఉన్న నక్షత్రమొకటి ఏటవాలుగా 110 ఖగోళ ప్రమాణాల దూరంలో సాగిపోతే, సెడ్నా వంటి కక్ష్యలే కాక, ఎదురు దిశలో తిరిగే కొన్ని వస్తువుల కక్ష్యలు కూడా ఏర్పడతాయని ఖగోళ శాస్త్రవేత్త సుజానే ఫాల్జ్‌నర్ బృందం 2024లో గణించి చూపింది. కనబడని గ్రహమే కారణమనే వాదమూ ఉంది. గ్రహమైతే ఏనాటికైనా దుర్భిణికి చిక్కవచ్చు. ఎప్పుడో వెళ్లిపోయిన నక్షత్రాన్ని వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. నక్షత్రమే కారణమనే వాదంలోని అసలు బలహీనత అదేనని నాకనిపిస్తుంది.

ఇంకా దూరాన ఉన్న తోకచుక్కల నిలయాన్ని నక్షత్రాలు కదిలిస్తాయని ఖగోళ శాస్త్రవేత్త యాన్ ఊర్ట్ 1950లోనే ప్రతిపాదించాడు; ఆ నిలయాన్నే ఊర్ట్ మేఘం అంటారు. సుమారు 13 లక్షల ఏళ్లకు గ్లీజ్ 710 అనే నక్షత్రం ఆ ఊర్ట్ మేఘంలోకే రానుంది. 20,000 ఖగోళ ప్రమాణాల దూరం నుంచి జారిన తోకచుక్క సూర్యుణ్ణి చేరడానికి 5 లక్షల ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆ నక్షత్రం వల్ల రాలే తోకచుక్కల్లో చాలావరకు అది వెళ్లిపోయాక ఎంతో కాలానికి గానీ లోపలికి రావు.