విగాన్: స్పెయిన్ పేరు మోస్తున్న ఇలోకానో ఊరు

2025 జూన్ నుంచి భారతీయ పర్యాటకులు వీసా లేకుండా 14 రోజులు ఫిలిప్పీన్స్‌లో ఉండొచ్చు. మెడిసిన్ చదువుల పుణ్యమా అని ఆ దేశం పేరు తెలుగు ఇళ్లలో చాలాకాలంగా వినబడుతున్నదే. ఈ వెసులుబాటుతో అక్కడికి వెళ్లేవాళ్లు బీచ్‌ల తర్వాత వాకబు చేసే ఊళ్లలో విగాన్ ఒకటి. మనీలాకు ఉత్తరంగా దాదాపు 400 కిలోమీటర్లు. రాళ్లు పరిచిన వీధి, గుర్రబ్బండ్లు, పాత మేడలు. ‘చెక్కుచెదరని స్పానిష్ పట్టణం’ అని టూర్ల వాళ్లు చెబుతారు. అందులో సగమే నిజం. వీధుల ప్లాను స్పెయిన్‌ది. మేడలు లేపిన డబ్బు ఎక్కువగా చైనా సంతతి వర్తకులది, పడిన కష్టం ఇలోకానోలు అనే స్థానిక జనానిది. అక్కడికి వెళ్లే ముందు ఇది తెలిసి ఉండాలి.

స్పెయిన్ సేనాని హువాన్ దె సాల్సెదో 1572లో ఇక్కడ దిగేనాటికే ఇది నడుస్తున్న రేవు. కొండల నుంచి బంగారం ఆబ్రా నది మీదుగా కిందికొచ్చేది, చైనా పడవలు దానికోసం వచ్చేవి. సాల్సెదో దానికి స్పెయిన్ యువరాజు ఫెర్నాండో పేరు పెట్టి, నడిమధ్య ప్లాజా, చుట్టూ చర్చి, పాలకుల భవనాలు, గళ్లుగళ్లుగా వీధులు వేయించాడు. 1758లో బిషప్ పీఠం కూడా ఇక్కడికే మారింది. చైనా నుంచి వచ్చి స్థానిక ఆడవాళ్లను పెళ్లి చేసుకున్న వర్తకుల కుటుంబాలు నీలిమందు, బట్ట, పొగాకు వ్యాపారాల్లో బాగా గడించాయి. ఇప్పుడు పర్యాటకులు ఫొటోలు దిగే కాల్యె క్రిసోలోగో వీధి వాళ్ల పేటలోదే.

ఆ ఇళ్లను కాస్త దగ్గరగా చూడాలి. కింద మందపాటి ఇటుక గోడలు, సరుకు నిల్వకీ బండ్లకీ. కుటుంబం ఉండేది పై అంతస్తులో, అదంతా కలప. పక్కకు జరిపే కిటికీ తలుపుల్లో అద్దాల బదులు కాపిస్ అనే పల్చటి ఆల్చిప్ప పలకలు చదరంగా కోసి బిగిస్తారు. మన కాకినాడ తీరంలో సున్నం కోసం ఏరే ఆల్చిప్ప ఇదే. ఎండ కళ్లలో గుచ్చుకోకుండా వెలుతురు మాత్రం లోపలికి వస్తుంది. గాలి కోసం కిటికీ కింద మరో చిన్న కిటికీ. ఇలాంటి ఇల్లు మాడ్రిడ్‌లో కనబడదు. యునెస్కో 1999లో ఈ ఊరిని వారసత్వ జాబితాలో చేర్చింది కూడా ఈ ఆసియా, యూరప్ కలయికను చూసే.

ఈ అందం వెనక నెత్తురూ ఉంది. ఆ కథ ఒకచోట మద్రాసును తాకుతుంది. 1762లో బ్రిటిష్ నౌకాదళం మద్రాసు నుంచి సిపాయిలను ఎక్కించుకుని బయల్దేరి, ఆ అక్టోబరులో మనీలాను పట్టుకుంది. స్పెయిన్ అధికారం సడలడం చూసి విగాన్ ఉన్న ఇలోకోస్ ప్రాంతంలో దియెగో సిలాంగ్ తిరగబడ్డాడు, బ్రిటిష్‌వాళ్లతో చేతులు కలిపాడు. 1763 మేలో విగాన్‌లోనే, తెలిసినవాడి చేతిలోనే హతమయ్యాడు. పోరాటం ఆపకుండా నడిపించిన అతని భార్య గాబ్రియేలాను అదే ఏడాది సెప్టెంబరులో ఈ ఊళ్లోనే ఉరితీశారు. సిపాయిల్లో కొందరు వెనక్కి రాకుండా మనీలా దగ్గరి కైంటాలో స్థిరపడ్డారు. వాళ్ల వంశస్థులు ఇప్పటికీ అక్కడున్నారు.

తర్వాతి గొడవ బాసి మీద. బాసి అంటే చెరకు రసాన్ని ఇళ్లలో కాచి పులియబెట్టే వైన్ లాంటి పానీయం. స్పెయిన్ సర్కారు దాని తయారీని తన గుప్పిట్లో పెట్టుకుని, మా దగ్గరే కొనండి అంది. 1807లో జనం తిరగబడ్డారు, విగాన్ పొలిమేరల్లో ఓడిపోయారు. ఆ తిరుగుబాటును ఎస్తెబాన్ విల్యానువెవా 1821లో 14 బొమ్మలుగా గీశాడు. దళాలు, ఆకాశంలో తోకచుక్క, చివరికి ఉరికొయ్యలు, నరికిన తలలు. కాల్యె క్రిసోలోగోలో గంటలకొద్దీ తిరిగి ఈ బొమ్మల్ని చూడకుండా బస్సెక్కేవాళ్లను తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. పొగాకు మీద కూడా ఇలాంటి గుత్తాధిపత్యమే 1782లో మొదలై 1882 దాకా సాగింది. ఆ కాలంలోనే ఇక్కడ పుట్టిన హొసె బుర్గోస్ అనే పాదిరీ, చర్చిలో స్థానికులకు సమాన హక్కులు అడిగాడు. 1872లో తిరుగుబాటు నేరం మోపి చంపేశారు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

మరి ఇదంతా ఎలా మిగిలింది? 1945లో మనీలా పాతకోట ఇంత్రామురోస్ యుద్ధంలో నేలమట్టమైంది, విగాన్ బతికిపోయింది. పాదిరీల మాట మీద బాంబులు ఆగాయని ఊరివాళ్లు చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ తర్వాతి దశాబ్దాలే ముఖ్యం అనిపిస్తుంది. డబ్బున్నవాళ్లు మనీలాకో అమెరికాకో వెళ్లిపోయారు. పొగాకు వ్యాపారం చుట్టూ తిరిగే రాజకీయాల్లో ప్రైవేటు సైన్యాలు రాజ్యమేలాయి. 1970 అక్టోబరులో పార్లమెంటు సభ్యుడు ఫ్లోరో క్రిసోలోగోను కెథడ్రల్ లోపలే కాల్చి చంపారు. అంత టెన్షన్ ఉన్న ఊళ్లో పాత ఇల్లు కూల్చి కాంప్లెక్స్ కట్టాలని ఎవరికి అనిపిస్తుంది?

1990ల మధ్యలో స్థానిక పాలకులు ఆ పాత ఇళ్లే ఊరికి ఆధారమని గుర్తించి, మరమ్మతులకు నిబంధనలు పెట్టారు. ప్రధాన వీధిలోకి మోటారు బండ్లను రానివ్వడం మానేశారు. పర్యాటకులు పెరిగారు. 25 వీధుల్లో 233 చారిత్రక కట్టడాలున్నాయని యునెస్కో లెక్క, వాటిలో చాలా ఇళ్లు ప్రైవేటువే. వారసులు దూరాన ఉంటారు, ఒక్క ఇంటికి వాటాదారులు బోలెడంత మంది. కింది అంతస్తు సావనీర్ల దుకాణానికి అద్దెకిస్తేనే పైకప్పు బాగు చేయించగలరు. 2022 జులై 27న 7.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు క్రిసోలోగో వీధిలో గోడలు కూలాయి, పక్క ఊరు బంతాయ్‌లో గంటగోపురం దెబ్బతింది. మళ్లీ కట్టాలంటే సిమెంటు పూసేస్తే సరిపోదు. పాత పద్ధతి సున్నం, గట్టి కలప, కాపిస్ పలకలు, వాటి పని తెలిసిన మేస్త్రీలు కావాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే ఇప్పుడు అక్కడి ఇళ్లవాళ్ల ముందున్న ప్రశ్న.