ఇంటి షెడ్డులో కారు పని: అపోహలు, వాస్తవాలు

ఇంటి పక్క ఖాళీ జాగలో నాలుగు రేకులేసి, పాత మారుతి 800నో జెన్‌నో నిలబెట్టి సొంతంగా బాగుచేసుకునే వాళ్లు హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ కాలనీల్లో బాగానే ఉన్నారు. చేతిలో డబ్బులు పడగానే చాలామంది ముందు కొనేది పెద్ద పెట్టె నిండా పానాలు. అసలు ఖర్చు పెట్టాల్సిన వరుస దానికి తలకిందులు. ముందు నేల, తర్వాత కారును మోసే స్టాండ్లు, ఆ తర్వాత ఎర్తింగు, గాలి. పానాలు ఆఖరికి వచ్చినా పని ఆగదు.

అపోహ: షాబాద్ బండలు పరిచి ఉంటే నేల చాలు

నడవడానికి చాలు, కారు నిలబెట్టడానికీ చాలు. జాకీ పెట్టడానికి చాలదు. చిన్న కారు ముందు భాగం మొత్తం లేపితే 500 కిలోల దాకా బరువు జాకీకున్న నాలుగు చిన్న ఇనుప చక్రాల మీద పడుతుంది. బండ కింద ఇసుక ఎక్కడన్నా బోలుగా ఉంటే అక్కడే పగులుతుంది. టైల్స్ అయితే ఇంకా తొందరగా పోతాయి.

పగలడం కన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ట్రాలీ జాకీ చెయ్యి నిటారుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందుకని కారు లేస్తున్నకొద్దీ జాకీ తనంతట తాను కొద్దిగా ముందుకు దొర్లాలి. రెండు బండల సందులో చక్రం ఇరుక్కుంటే జాకీ కదలదు, పైనున్న గిన్నె మాత్రం కారు అంచు మీద నుంచి పక్కకు జారుతుంది. జాకీ బాగానే ఉంది, కారు ఎందుకు జారిందో అర్థం కాలేదనే చోట ఒకసారి నేల చూడండి.

12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు సరిపోతుంది. మారుతి 800 పొడవు 3.3 మీటర్లే. నాలుగు మీటర్ల లోపు కారు ఏదైనా సుమారు 13 అడుగుల్లో ఒదుగుతుంది, ముందు బల్లకు, మనిషి తిరగడానికి జాగ మిగులుతుంది. నేల 5 అంగుళాల కాంక్రీటు వేయాలి. లెక్క ఇది: 240 చదరపు అడుగులకు 100 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. ఎం20 పాళ్లలో, అంటే 1:1.5:3 లెక్కన, సిమెంటు 23 బస్తాలు, ఇసుక 42, కంకర 84 ఘనపుటడుగులు. వృథాకు పదోవంతు కలుపుకోండి.

కింది మట్టిని బట్టి పని మారుతుంది. చెల్క నేలైతే పైపొర తీసి మొరం పోస్తే సరి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, దాని మీద ఎంత మంచి కాంక్రీటు పోసినా రెండో ఏడాదికే గీతలు కనబడతాయి. రెండడుగులు తవ్వి తీసేయాలి. మొరం ఆరు ఆరు అంగుళాల పొరలుగా పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. ఒకేసారి రెండడుగులు నింపి పైపైన కొడితే కింద వదులుగానే ఉండిపోతుంది.

వాలు విషయంలో మేస్త్రీకి ముందే చెప్పాలి. అలవాటు కొద్దీ షెడ్డంతా దర్వాజ వైపు వాలుగా పోస్తారు. కారు నిలబడే చోటు సమంగా ఉండి, దర్వాజ దగ్గర చివరి నాలుగడుగులే వాలు ఉండాలి. పైన నున్నగా పాలిష్ చేయించొద్దు, చుక్క నూనె పడినా కాలు జారుతుంది. పదడుగులకో గీత చొప్పున మందంలో పావు వంతు లోతు కోయిస్తే పగులు ఆ గీతలోనే వస్తుంది. ఎండాకాలంలో పోస్తే పొద్దున్నే పోసి, మట్టి గట్లు కట్టి పది రోజులు నీళ్లు నిలపాలి. 28 రోజులు నిండేదాకా దాని మీద కారు లేపొద్దు.

అపోహ: గుంట లేకపోతే అది వర్క్‌షాపే కాదు

కారు కింద నిలబడి పని చేయడానికి నేలలో తవ్వే గుంట ఇంట్లో వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, వంటగ్యాసు కూడా అంతే. రెండూ కిందికి పారి గుంటలో నిలుస్తాయి, పైన నిలబడ్డవాడికి వాసన కూడా రాదు. లోపలికి దిగినవాడి చేతి లైటు మిణుక్కుమంటే చాలు, అంటుకుంటుంది. పైగా జులైలో ఊట నీరు ఎక్కి గుంట నిండుతుంది. నల్లరేగడిలో అయితే గోడలను మట్టి లోపలికి తోస్తుంది. రెండు ర్యాంపులు, నాలుగు స్టాండ్లు ఉంటే కింది పనులన్నీ అవుతాయి. సీఎన్‌జీ మాత్రం గాలి కన్నా తేలిక, పైకి లేచి రేకు కింద చేరుతుంది. అందుకే షెడ్డుకు కిందా పైనా రెండు చోట్ల జాలీలు పెట్టాలి.

అపోహ: జాకీ మూడు టన్నులది, అది మోస్తుంది

లేపడం వరకే జాకీ పని. లోపల నూనెను ఆపేది ఒక చిన్న రబ్బరు సీలు, ఒక ఇనుప గోలీ. గోలీ కింద ఇసుక రేణువు చేరినా, సీలు చినిగినా జాకీ దిగుతుంది. మెల్లగా దిగుతుందా, ఒక్కసారే కూలుతుందా అన్నది ముందుగా తెలియదు. కారుతో వచ్చే కత్తెర జాకీ రోడ్డు పక్కన టైరు మార్చడానికే. ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ సమంగా పడే బరువును మోస్తాయి, ఒక మూల మీద పడితే చెప్పకుండా పగులుతాయి.

చేసే వరుస ఇట్లుండాలి. కారును గేరులో ఉంచండి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. నేల మీద ఉండే చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టండి. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకే పట్టుకుంటుంది. వెనక భాగం లేపారంటే అది పట్టుకునేది ఏమీ లేదు, ముందు చక్రాల దిమ్మెలే ఆపాలి. చక్రాలు నేల మీదుండగానే వాటి నట్లు అర చుట్టు వదులు చేయండి. తలుపు కింది అంచులో చక్రం దగ్గర రెండు చిన్న గండ్లు కనబడతాయి, జాకీ పెట్టాల్సింది వాటి మధ్యనే. గాడి ఉన్న రబ్బరు ముక్క జాకీ గిన్నెలో వేస్తే అంచు వంగదు.

పాత 800 అయితే లేపే ముందు ఆ అంచును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మొన లోపలికి దిగిందంటే అక్కడ మిగిలింది తుప్పు, దాని మీది రంగే. అక్కడ లేపొద్దు, ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే బలమైన ఇనుప దూలం, అంటే క్రాస్‌మెంబర్ దగ్గర లేపాలి.

స్టాండు పెట్టాక బరువు పూర్తిగా దాని మీదికి దించండి. తుంటితో కారును రెండుసార్లు గట్టిగా తోయండి. కదిలితే మళ్లీ పెట్టండి. ఊడదీసిన చక్రాన్ని అంచు కింద పడుకోబెట్టండి, ఏది విఫలమైనా మనిషి మందం జాగ మిగులుతుంది. స్టాండ్లు కొనేటప్పుడు రాసిన టన్నులు ఒక్కదానివా, జతవా అని చూసుకోవాలి. పళ్లున్న రకం కన్నా అడ్డంగా పిన్ను దూర్చే రకం మేలు.

అపోహ: వెల్డింగు మిషను ఏ ప్లగ్గులోనైనా పనిచేస్తుంది

వెలుగుతుంది, కాసేపు కాలుతుంది, ఆ తర్వాత సాకెట్టు కాలుతుంది. 2.5 ఎంఎం రాడ్డును 80 ఆంపియర్ల మీద వాడితే చిన్న ఇన్వర్టర్ వెల్డర్ కూడా ఇంటి లైను నుంచి 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. 0.75 చదరపు ఎంఎం ఎక్స్‌టెన్షన్ వైరు 30 మీటర్లుంటే 20 వోల్టులకు పైనే ఆ వైరులో పోతాయి. ఎండాకాలం సాయంత్రం అసలే ఓల్టేజీ తక్కువ, ఆర్క్, అంటే రాడ్డు కొన దగ్గరి మెరుపు, అతుక్కోదు, తప్పు రాడ్డు మీద వేస్తారు. రీలుకు చుట్టి ఉంచే వైరు చుట్టల మధ్యే వేడెక్కి కరుగుతుంది. మొత్తం విప్పి వాడాలి.

షెడ్డుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు ఎంఎం రాగి వైరు, లోడు ఎక్కువైతే తెగే సి రకం 20 ఆంపియర్ల ఎంసీబీ, దానితో కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ పెట్టించండి. కంప్రెసర్, వెల్డర్ ఒకేసారి నడపొద్దు. లోడు ఎక్కువైతే కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి శాంక్షన్ లోడు పెంచుకోవాలి. కొందరు ఎర్తింగు గుంట తవ్వించక న్యూట్రల్‌నే ఎర్తు పిన్నుకు కలిపేస్తారు. బయట న్యూట్రల్ తెగిన రోజు మిషను ఒంటికి 230 వోల్టులు వస్తాయి. కారు బాడీ మీద వెల్డింగు చేసే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ఎర్త్ క్లాంపు అతికే చోటు పక్కనే పెట్టండి.

అపోహ: పెట్రోలే ప్రమాదం, కిరోసిన్‌తో ఏం కాదు

నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వచ్చే వేడిని ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకు అది సున్నాకు 40 డిగ్రీల కింద. కిరోసిన్‌కు కనీసం 35 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. చలి దేశాల పుస్తకాల్లో కిరోసిన్‌తో భాగాలు కడగమని రాసింది అందుకే. మే నెలలో మన దగ్గర నీడలోనే 43, 44 దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. ఆ వేళ తట్టలో పోసిన కిరోసిన్ కూడా అంటుకునే ఆవిరి వదులుతుంది. పొద్దున, ఆరుబయట, కొంచెంకొంచెంగా వాడండి. లేదా నీటిలో కలిపే డీగ్రీజర్ తెచ్చుకోండి. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వద్దని రాసి ఉంటుంది, వాటిని రేకుకు ఆనుకున్న అటక మీద పెట్టొద్దు.

మంట ఆర్పే 4 లేదా 6 కిలోల ఏబీసీ పొడి సిలిండరు, రెండు ఇసుక బకెట్లు దర్వాజ దగ్గర ఉండాలి. బల్ల వెనక తగిలిస్తే మంటను దాటి తెచ్చుకోవాల్సి వస్తుంది.

బ్రేకు భాగాలను పెట్రోలుతో, డీజిలుతో కడిగే అలవాటు మెకానిక్కుల్లోనే ఉంది. ఆ నూనెలు తగిలితే రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి, వారం తర్వాత బ్రేకు వదలదు. బ్రేక్ క్లీనరే వాడాలి. అదీ క్లోరిన్ ఉన్న రకమైతే పూర్తిగా ఆరకముందే వెల్డింగు చేయొద్దు, ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది. మూత తీసిన బ్రేకు నూనె సీసా వానాకాలంలో గాలిలోని తేమ తాగుతుంది. డాట్ 4 రకం కొత్త బ్రేకు నూనె మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర, తేమ పట్టాక ఆ ప్రమాణమే 155కు పడుతుంది. మిగిలింది దాచుకునేంత పెద్ద సీసా కొనకండి.

చిన్నవి కొన్ని

షట్టరు సగం లేపి ఇంజను నడిపితే చాలదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, ముందు తలనొప్పి, తర్వాత మగత. కారును బయటికి తోసి స్టార్ట్ చేయండి.

కంప్రెసర్‌కు హార్స్‌పవర్ చూసి మోసపోవద్దు. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి ఇస్తుందో చూడాలి. ఒక హెచ్‌పీ, 24 లీటర్లది టైర్లకు, దుమ్ము ఊదడానికి సరి, పెయింటు గన్నుకు ఊపిరి చాలదు. వానాకాలంలో రోజూ ట్యాంకు కింది బిరడా విప్పి నీళ్లు వదలాలి.

నూట యాభై ముక్కల సెట్టులో సగం ఎప్పటికీ ముట్టరు. మారుతికి నట్టు మీద తొడిగే గోటీలు 8, 10, 12, 14, 17, 19 సైజులవి, అవే సైజుల రింగు పానాలు చాలు. టాటా, మహీంద్రా అయితే 13 కలపండి. ఆరు మూలల గోటీలే తీసుకోండి, పన్నెండు మూలలవి తుప్పు నట్టు తలను గుండ్రం చేస్తాయి. 10ది రెండు కొనండి, ఒకటి ఎట్లాగూ ఇంజను సందులోకి పోతుంది. నట్టు ఎంత గట్టిగా బిగించాలో అంకె పెట్టుకుంటే, అక్కడికి రాగానే టక్కుమనే టార్క్ రెంచి కూడా కావాలి. చక్రం నట్లకు చిన్న మారుతుల్లో 85 నుంచి 100 న్యూటన్ మీటర్ల మధ్య అడుగుతారు, ఫోక్స్‌వ్యాగన్ బోల్టులకు 120. మీ కారు మాన్యువల్‌లో ఉన్నదే పెట్టండి. టక్కుమంటే ఆపాలి, రెండోసారి లాగొద్దు. పని కాగానే కింది అంకెకు తిప్పి పెట్టాలి. బిగుసుకున్న నట్టు విప్పడానికి దాన్ని వాడారంటే ఆ తర్వాత అది చూపే లెక్క నమ్మలేం.

పాత ఇంజనాయిలు చెదలకు మంచిదని దర్వాజలకు పూస్తారు, మిగిలింది మోరీలో పోస్తారు. చట్ట ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి అనుమతి ఉన్న కొనుగోలుదారుకు ఇవ్వాలి, దానిలో కూలెంటు, పెట్రోలు కలపొద్దు. రేడియేటర్ విప్పినప్పుడు తట్టను నేల మీద వదిలి పోకండి. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. వీధి కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోతాయి. ఒలికిన చోట ముందు ఇసుకతోనో రంపపు పొట్టుతోనో పీల్చి, ఎత్తేసి, ఆ తర్వాత కడగాలి.