ఎముక దొరికిందంటే తిన్నట్టేనా? ఆదిమ యూరప్ తిండిపై అపోహలు - వాస్తవాలు

తవ్వకాల్లో బయటపడ్డ ఎముకలు చూసి అవి ఏ జంతువువి, దాన్ని ఎవరు చంపారు, ఎవరు తిన్నారు అని తేల్చడం నా పని. ఆదిమానవుల తిండి పేరుతో ఈ మధ్య వస్తున్న వీడియోల్లో మా ఎముకల్నే సాక్ష్యంగా చూపించి లేనిపోనివి చెబుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గుహలో మనుషులున్నారు, ఎముకలున్నాయి, కాబట్టి అవన్నీ వాళ్ళు తిన్నవే.

మనుషులు లేనప్పుడు అదే గుహలో దుమ్ములగొండ్లు కాపురం పెట్టేవి, చలికాలం నిద్రకి వచ్చిన ఎలుగుబంట్లు అక్కడే చచ్చిపోయేవి, గుడ్లగూబలు ఎలుకల్ని మింగి ఎముకలు కక్కేవి, చివరికి అన్నీ ఒకే మట్టిలో కలిసిపోయేవి. అందుకే ఎముక చేతికి రాగానే మేం ముందు గీతలు వెతుకుతాం. చెకుముకి రాతితో కోసిన గీత సన్నగా, అడుగున కోసుగా ఉంటుంది, మైక్రోస్కోప్ కింద పెడితే దాని లోపల మరింత సన్నని గీతలు పక్కపక్కనే కనిపిస్తాయి. పంటి గాటు అలా కాదు, అడుగున గుండ్రంగా ఉంటుంది. గీత ఎక్కడ పడిందన్నది ఇంకా ముఖ్యం: కీలు దగ్గరైతే కాలు విడదీశారు, పొడవాటి ఎముక నడుమ అయితే కండ కోశారు, మాంసం పెద్దగా ఉండని పాదం మీదైతే తోలు ఒలిచారు.

ఇంగ్లండ్‌లోని బాక్స్‌గ్రోవ్‌లో దాదాపు 5 లక్షల ఏళ్ళ నాటి గుర్రాల, ఖడ్గమృగాల ఎముకల మీద రెండు రకాల గుర్తులూ ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పడ్డ చోట కోత గీత కింద ఉంది, పంటి గాటు దాని పైన ఉంది. అంటే ముందు మనుషులు కోసుకున్నారు, మిగిలింది మృగాలు కొరికాయి. మృగాల ఎంగిలి ఏరుకుని బతికారనే మాట ఇక్కడ నిలవదు.

అపోహ: రోజూ మామత్ (అంతరించిపోయిన బొచ్చు ఏనుగు) మాంసమే.

మామత్‌లను వేటాడారు, నిజమే. పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఒక మామత్ పక్కటెముకలో చెకుముకి మొన ముక్క ఇరుక్కుని దొరికింది. కానీ ఉక్రెయిన్‌లోని మెజిరిచ్‌లో ఇళ్ళే మామత్ ఎముకలతో కట్టుకున్నారు. ఎముకల లెక్క మాంసం లెక్క కాదు.

అపోహ: గుహ గోడల మీద ఏం గీశారో అదే తిన్నారు.

ఫ్రాన్స్‌లోని లాస్కో గోడల నిండా గుర్రాలు, ఎద్దులు, దుప్పులు. అక్కడ నేలలో దొరికిన ఎముకల్లో దాదాపు 90 శాతం రెయిన్‌డీర్ అనే చలిదేశపు జింకవి. గోడల మీద రెయిన్‌డీర్ బొమ్మ వెతికితే ఒక్కటి.

అపోహ: వాళ్ళకు కావలసింది కండే.

కొవ్వు లేని కండ మీదే బతకడం మనిషి శరీరం వల్ల కాదు, అంత ప్రోటీన్‌ను కాలేయం తట్టుకోలేదు. జర్మనీలోని నోయ్‌మార్క్-నోర్డ్‌లో 1,25,000 ఏళ్ళ క్రితం నియాండర్తల్ మనుషులు (మనకు దగ్గరి బంధువులైన, అంతరించిపోయిన మానవజాతి) కనీసం 172 పెద్ద జంతువుల ఎముకల్ని చెరువు ఒడ్డున ఒక్కచోటికి చేర్చారు. మూలుగ తీసుకుని ఊరుకోలేదు, కీళ్ళ దగ్గరి గుల్ల ఎముకని కూడా చిన్నచిన్న ముక్కలుగా చితక్కొట్టి, నీళ్ళలో కాచి కొవ్వు తీశారని 2025లో వచ్చిన పరిశోధన చెబుతోంది. కుండలు పుట్టడానికి లక్ష ఏళ్ళకు పైగా ముందు!

అపోహ: ఏ కాలంలో తిన్నారో ఎముకలు చెప్పలేవు.

చెబుతాయి, కానీ ఏ ఎముకని అడుగుతున్నామో చూసుకోవాలి. ఇంగ్లండ్‌లోని స్టార్ కార్ సుమారు 11,000 ఏళ్ళ నాటి వేటగాళ్ళ స్థావరం. 1949-51లో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త గ్రాహం క్లార్క్ దుప్పి కొమ్ములు ఎదిగి, రాలే కాలాన్ని బట్టి అది చలికాలపు మకాం అన్నారు. కానీ కొమ్ములు పనిముట్లకు ముడిసరుకు, ఏడాది పొడవునా దాచుకునే వస్తువు. 1988లో లెగ్, రౌలీ-కాన్వీ అనే పరిశోధకులు కొమ్ములు వదిలి దవడలు పరీక్షించారు. రో జింక (యూరప్‌లోని ఒక చిన్న జింక) దవడలో ఏడాది వయసు దాటుతుండగా మూడు మొనలున్న పాలపన్ను ఊడి, కింద నుంచి రెండు మొనల పన్ను వస్తుంది. ఈ జింకలు ఈనేది మే, జూన్‌లలో, కాబట్టి సరిగ్గా ఆ దశలో ఉన్న దవడ దొరికితే చంపింది మళ్ళీ ఆ నెలల్లోనే. చలికాలం అనుకున్న మకాం వేసవి మొదట్లోకి వచ్చేసింది.

అపోహ: మొక్కల ఊసే లేదు, కాబట్టి పూర్తి మాంసాహారం.

ఎముక నిలుస్తుంది, దుంప కుళ్ళిపోతుంది. నియాండర్తల్ ఎముకల్లో నైట్రోజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉండే నైట్రోజన్ పరమాణువులు) మాంసాహార జంతువుల స్థాయిలో ఉన్న మాట నిజం, అయితే ఆ పరీక్ష ముఖ్యంగా చెప్పేది ప్రోటీన్ ఎక్కణ్ణుంచి వచ్చిందని. ప్రోటీన్ తక్కువుండే దుంపలు, పళ్ళు ఎన్ని తిన్నా అందులో సరిగ్గా కనబడవు. బెల్జియంలోని స్పీ గుహలో దొరికిన నియాండర్తల్‌ల పళ్ళ గార గీకి చూస్తే పిండి రేణువులు బయటపడ్డాయి. చేపలు, పిట్టల సంగతీ ఇంతే, పాత తవ్వకాల్లో జల్లెడ పట్టకుండా పారబోసిన మట్టితోనే వాటి ఎముకలు పోయాయి. పోర్చుగల్‌లోని ఫిగెయిరా బ్రావా గుహలో జాగ్రత్తగా తవ్వితే పీతలు, చేపలు, గుల్లలు అన్నీ వచ్చాయి. ఈసారి ఎవరైనా ఎముక ఫోటో పెట్టి ఆదిమానవుడి డైట్ అని అమ్మజూపితే ఆ మట్టి జల్లెడ పట్టారా, పళ్ళ గార చూశారా అని అడగండి.